షోవా అరవై నాలుగు

చక్రవర్తులు మారి, యుగాల పేర్లు మారి, మారిన ప్రతిసారీ ఏళ్ళ లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలై, ఇప్పుడు రేవా మూడో ఏడు నడుస్తోంది. హత్సుయోకి మాత్రం ఇంకా తను పుట్టిన షోవాయే. ఏ ఏడాదని అడిగితే "తొంభై ఆరు" అంటుంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. అఒమోరి తీరంలో చేపలు కోసి, ఎండగట్టి ఇద్దరు కొడుకుల్ని పెంచింది. తూకంలో మోసం చేసిన దళారిని రేవులో నలుగురి ముందు కడిగేసిన నోరు ఆవిడది.

చిన్నకొడుకు కిమిహిరో పడవ మునిగి పోయాడు. షోవా అరవై నాలుగు, జనవరి ఐదు. ఆ ఏడాది ఆయుష్షే వారం. ఏడున చక్రవర్తి పోయాడు, ఎనిమిదిన హేసేయి యుగం మొదలైంది. ఊరంతా జెండాలకు నల్లగుడ్డలు కడుతుంటే అవి తన బిడ్డ కోసమేనని ఆ తల్లి కాసేపు నమ్మింది.

చనిపోయిన ఏడాదినే ఒకటిగా లెక్కపెడతారు కాబట్టి, వాడి ముప్పైమూడో ఆబ్దికం ఈ జనవరిలోనే. అదే ఆఖరుది. అది జరిగితే పోయినవాడు పెద్దల్లో కలుస్తాడు. ముందు జరపవచ్చు గానీ తిథి దాటనివ్వకూడదు. దాటితే గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తాడంటారు.

ఏ ఏడాది పోయినవాళ్ళకు ఎన్నో ఆబ్దికమో గుడివాళ్ళు ఏటా గోడకు అంటిస్తారు. నిరుడు ముప్పైమూడు ఎదురుగా షోవా అరవై మూడు అని ఉంది. ఈసారి హత్సుయో మంచులో వెళ్ళి చూస్తే, అక్కడ హేసేయి ఒకటి అని ఉంది. అరవై నాలుగు ఎక్కడా లేదు. తన కొడుకు హేసేయి ముఖమే చూడలేదాయె.

ఇంటికొచ్చేసరికి పెద్దకోడలు సనాయే ముల్లంగి తరుగుతోంది.

"సనాయే, ఇది తొంభై ఆరే కదే?"

"మళ్ళీ మొదలెట్టారా అత్తయ్యా? మొన్న డాక్టరుగారి దగ్గరా ఇదే మాట. ఆయన నా వంక చూస్తే తల కొట్టేసినట్టయింది నాకు."

"అయితే తప్పంటావా?"

"ఇంట్లో ఎన్నయినా అనుకోండి. ఆయన ముందు అనకండి. మతి తప్పిందని వృద్ధాశ్రమంలో చేర్పించమంటారు."

అంతటి నోరూ పడిపోయింది. వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కపెట్టినా అదే లెక్క వచ్చేది. కానీ గోడ మీద వేరేగా ఉంది, ఇంట్లో వేరేగా అంటున్నారు. మతి తప్పిందేమోనని ఆవిడకే భయం పట్టుకుంది. గుడికెళ్ళి అడిగితే ఆ మాట కోడలి చెవిన పడుతుంది. ఐదో తారీఖున దేవుడి గూట్లో, కొడుకు పేరు రాసిన చెక్క ముందు ఒక కమలాపండు పెట్టి ఊరుకుంది. వచ్చే ఏడు వేస్తారులే అనుకుంది.

మార్చిలో సమాధుల దగ్గర ఊడుస్తుంటే గుడి గురువు కనిపించాడు. మొన్నీమధ్యే తండ్రి స్థానంలోకి వచ్చిన కుర్రవాడు.

"బామ్మగారూ, మీ అబ్బాయిది ఈ ఏడే కదా? జనవరిలోనే వస్తారనుకున్నాను."

"గోడ మీద వెయ్యలేదు కదా బాబూ."

"వేశానండీ. హేసేయి ఒకటీ, షోవా అరవై నాలుగూ ఒక్కటే. రెండూ పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదే కదా."

హత్సుయో చీపురు సమాధికి ఆనించింది. మతి తప్పలేదన్న సంతోషం రావలసింది, రాలేదు. బిడ్డ రెండు నెలలుగా మంచులో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కంగారు పడకండి, రేపే చేసేద్దాం. కొంపలేం మునిగిపోవు," అన్నాడు గురువు.

మర్నాడు ఆయన కంప్యూటరులో అచ్చు తీసిన కాగితం చూసి చదివాడు. "హేసేయి ఒకటి, జనవరి ఐదున పరమపదించిన కిమిహిరో..."

హేసేయికి అలాంటి రోజే లేదు. లేని రోజు పేరు చెప్పి పిలిస్తే వాడెలా వస్తాడు? హత్సుయో చెయ్యి పైకి లేచింది. సనాయే ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టింది.

"ఏంటి అత్తయ్యా?"

"ఏం లేదే."

ఆబ్దికం అయిపోయింది. ఇక పెద్దల్లో కలిశాడని గూట్లోంచి వాడి పేరున్న చెక్క తీసేశారు. సాయంత్రం టీ పోస్తూ సనాయే బుజ్జగింపుగా అడిగింది.

"రేపు డాక్టరుగారు ఏ ఏడాదని అడిగితే ఏం చెబుతారు అత్తయ్యా?"

హత్సుయో గూట్లో ఖాళీ అయిన చోటు వైపు చూసింది.

"రేవా మూడు," అంది.

"అమ్మయ్య, నయమైపోతోంది మీకు," అంది సనాయే.