యాదమ్మ తిట్టిన దేవుడు

మొన్న మా చెల్లెలికి తోడుగా కొత్తగూడలోని స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాను. తలుపు సందులోంచి బిడ్డ గుండె చప్పుడు వినబడింది, గుర్రం పరుగెడుతున్నట్టు. లోపల చెల్లెలు నవ్వింది. నేను తలుపు దగ్గర నుంచి జరిగి, బయట కుర్చీలో కూర్చున్నాను.

ఎనిమిదేళ్ల కిందట అలాంటి గదిలోనే, ఆ చప్పుడు కోసమే నేనూ చెవులు రిక్కించి పడుకున్నాను. ఏడో నెల. మధ్యాహ్నం మీటింగ్‌కు వచ్చేస్తానని ఆఫీసులో చెప్పి వెళ్లాను. డాక్టరమ్మ మిషన్‌ను పొట్టమీద అటూ ఇటూ జరిపింది. మళ్లీ జరిపింది. తెరను తనవైపు తిప్పుకుని, "మీవారు బయట ఉన్నారా?" అని అడిగింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. "సౌండ్ పెట్టడం మరిచిపోయినట్టున్నారు మేడమ్" అన్నాను.

అప్పట్లో మేము కడప నుంచి ఉద్యోగాలకు కొత్తగూడ వచ్చి, యాదమ్మ ఇంట్లో పైవాటాలో కిరాయికి ఉండేవాళ్లం. ఆమె పుట్టి పెరిగింది కొత్తగూడలోనే. భర్త జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి పొద్దుటి షిఫ్టుకు వెళ్లి, అక్కడ మంటలు లేచి తిరిగి రాలేదట. ఆఫీసుల ముందు టిఫిన్ బండి నడిపి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. నరసింహస్వామికి దీపం పెట్టనిదే మంచినీళ్లు ముట్టేది కాదు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చాక చూడవచ్చిన వాళ్లంతా, దేవుడు ఏది చేసినా ఏదో కారణం ఉంటుందన్నారు. వాళ్లు వెళ్లాక దేవుడి పటాలన్నీ గోడవైపు తిప్పేశాను. జావ తీసుకుని పైకొచ్చిన యాదమ్మ అది చూసింది. నాకు బుద్ధులు చెబుతుందనుకున్నాను. ఆమె నరసింహస్వామి పటాన్ని తనవైపు తిప్పి గట్టిగా అరిచింది.

"ఏందయ్యా, కండ్లు కనవడ్తలేవా నీకు? గీ పిల్ల నీకేం జేసింది? కడుపుల ఉన్నదాన్ని గుంజుకపోనీకి చేతులెట్ల వచ్చినయి?"

దేవుణ్ణి అలా నిలదీసిన మనిషిని అంతవరకూ చూడలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో పటం అద్దం తుడిచి, దీపం వెలిగించింది.

"అంత తిట్టి మళ్లా దీపమెందుకత్తా?"

"ఇంకెవర్ని తిట్టాలె బిడ్డా? మా ఇంటాయన పోయిన్నాడు గూడ గిట్లనే తిట్టిన. స్వామి జవాబియ్యలే. ఎందుకు తీస్కపోయిండో నాకు ఇప్పటికీ తెల్వది. గాని ఆ పిల్లలను పట్టుకుని నేనొక్కదాన్నే ఇంత దూరం రాలే. గా ముచ్చట మాత్రం తెలుసు. జర తాగు, చల్లారుతది."

ఆ రోజు జావ తాగాను. దణ్ణం మాత్రం పెట్టలేదు. పది రోజులకు, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఆ పటం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. స్కానింగ్ గదిలో కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బయటినుంచి వచ్చిన మా ఆయన కంగారుగా మెట్లెక్కబోతుంటే, కింద యాదమ్మ గొంతు వినబడింది.

"పోకు కొడుకా. మాట్లాడుకోనీ."

రెండేళ్ల తర్వాత ఆమె గుండెపోటుతో పోయింది. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. కారణం స్వామి నాకూ చెప్పలేదు. కొన్ని రోజులు పోట్లాడతాను, కొన్ని రోజులు ఊరికే ఎదురుగా కూర్చుంటాను. పటాలను మాత్రం మళ్లీ ఎన్నడూ గోడవైపు తిప్పలేదు.