దూస్మాఁ అంటే

మొన్న మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, విజయవాడలో మా వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. మనవరాలి ఫోన్‌లోంచి ఒక ఆడగొంతు "దూస్మాఁ" అంది. కత్తిపీట మీద నా చేయి ఆగిపోయింది. ఇంటర్‌లో ఫ్రెంచి తీసుకుంది పిల్ల. "నెమ్మదిగా అని అర్థం అమ్మమ్మా," అంది. ఒకప్పుడు నేనూ అంతే అనుకున్నాను.

ఆ మాట నేను సిస్టర్ ఆగ్నెస్ నోట విన్నాను. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో ఆవిడ కాన్పులు చూసేవారు; నేను నర్సు శిక్షణలో ఉన్నాను. ఫ్రాన్సు నుంచి వచ్చి మన తెలుగంతా నేర్చుకున్నారు గాని, ఈ ఒక్క మాటను మాత్రం వదలలేదు. జీపు గుంతలో పడితే డ్రైవరుతో, తలుపు ధడాలున వేస్తే నాతో, వేడి కాఫీ గబుక్కున తాగబోయే ఆయాతో, అదే మాట.

ఒక మధ్యాహ్నం కొల్లేటి నుంచి చేపలు పట్టేవాళ్ల కోడలిని తెచ్చారు. తొలి కాన్పు. బిడ్డ తల బయటికొచ్చింది, భుజం ఇరుక్కుపోయింది. ముఖం నీలంగా మారుతోంది. నేను గాభరాగా తల పట్టుకుని లాగబోయాను.

"దూస్మాఁ!"

చేతులు తీసేసి నిలబడ్డాను. గుమ్మంలో ఆ పిల్ల అత్తగారు గొంతు చించుకుంది. "చూస్తా నిలబడతారేంటమ్మా? లాగండి! వలలో చేపకైనా ఇంత ఆలోచించం!"

"లాగితే బిడ్డ చెయ్యి పడిపోద్దండీ. ఆ అరుపులాపి ఇటొచ్చి కాలు పట్టండి," అన్నారు సిస్టర్. నా వైపు తిరిగారు. "నువ్వెందుకు ఆగావమ్మాయ్?"

"నెమ్మదిగా అన్నారు కదా సిస్టర్?"

"నెమ్మదిగా చేస్తే బిడ్డ చచ్చిపోతుంది. త్వరగా చెయ్యి. బలం మాత్రం వద్దు."

అత్తగారొక కాలు, ఆయా ఒక కాలు తల్లి పొట్టకేసి మడిచి పట్టారు. సిస్టర్ ఆ తల్లి పొత్తికడుపు కింద అరచేత్తో గట్టిగా నొక్కారు. నా చేతులు బిడ్డ తల కింద ఊరికే ఆనుకుని ఉన్నాయి. భుజం జారింది. బిడ్డ వచ్చాడు, ఏడవలేదు. సిస్టర్ వాడి వీపు రుద్దుతూనే ఉన్నారు. అప్పుడు ఏడ్చాడు.

తొందర వేరు, మొరటుతనం వేరు అని ఆ రోజు నా చేతులకు తెలిసింది. ఆ తర్వాత ఎన్ని కాన్పులు చూసినా, చేతులు కడుక్కునేటప్పుడు ఆ మాట లోపల ఒకసారి అనుకునేదాన్ని. పసివాళ్లకు నీళ్లు పోసేటప్పుడు ఇప్పటికీ అనుకుంటాను.

ఆ మధ్యాహ్నం పోయినవి ఇవీ. తల్లికి నెత్తురు చాలా పోయింది. బిడ్డకు మెడ దగ్గర ఎముక చిట్లింది, అతుక్కుంది. అత్తగారికి అరిచి అరిచి గొంతు పోయింది. ప్రాణం ఒక్కటీ పోలేదు.