వాగుకు అవతలి ఈల

రైలీ హెయికురా కుడికాలి బూటును వాగులోని బురద మింగేసింది. ఆమె కాసేపు దాని కోసం చెయ్యి పెట్టి వెతికి, దొరక్క, రొట్టె ముక్కలను కోటు జేబులో పోసుకుని, ఖాళీ అయిన ప్లాస్టిక్ సంచిని పాదానికి తొడిగి ముడేసింది. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డ నేను ఆకాశం కేసి చూశాను.

"నవ్వితే నవ్వవే. కోడి బెదిరిందో, నిన్నూ ఇందులోనే దించుతా," అంది.

రైలీ మా పొరుగింటావిడ. రంపపు మిల్లు క్యాంటీన్లో వండి వండి రిటైరైంది. ఫిన్లాండులో మా కైనూ వైపు అడవంటే చాలావరకు కంపెనీల పంటే. నాటుతారు, కోస్తారు, మళ్లీ నాటుతారు. ఈ వాగు గట్టున మాత్రం ముసలి స్ప్రూస్ చెట్లను వదిలేశారు, ప్యూ ఉందని. ప్యూ అంటే పావురం కంటే కాస్త పెద్ద అడవికోడి. మనం ఈల వేస్తే, తన హద్దులోకి ఎవడొచ్చాడోనని మగది తిరిగి ఈల వేస్తుంది. రైలీ తండ్రి ఎముకతో చేసుకున్న ఈలతో దాన్ని పిలిచి పులుసు పెట్టించేవాడు. కూతురు అదే ఈలతో పిలిచి, పలికిందని కంపెనీకి చెప్పేది.

మంచు కరిగాక, గాలి లేని ఉదయాన, మన ఒడ్డునే నిలబడి ఊదాలి. వాగు దాటితే పక్షి బెదురుతుంది. ముందటేడూ నిరుడూ అవతలి నుంచి జవాబొచ్చింది. వచ్చిన రోజల్లా రైలీ కూనిరాగాలు తీస్తూ గిన్నెలు తోముకునేది. ఈ ఏడు వింటే చాలదు, చూసి రమ్మన్నారు కంపెనీ వాళ్లు. లేకపోతే గట్టు కూడా కోతకేనట. అందుకే దాటాం. అందుకే బూటు పోయింది.

రైలీ ఊదింది. జవాబొచ్చింది, చాలా దగ్గర నుంచి. ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. కొమ్మ పక్కకు తప్పించాం.

నారింజ రంగు కోటు వేసుకున్న మనిషి నోట్లో ఈల పెట్టుకుని, కళ్లు మూసుకుని, చెవి రిక్కించి నిలబడి ఉన్నాడు.

పేరు ఒస్సి. అవతలి ఒడ్డు వేరే కంపెనీది, వాళ్ల తరఫున అక్కడి పక్షుల లెక్క చూసే ఉద్యోగి. అతనూ గాలి లేని ఉదయాల్లోనే వచ్చేవాడు. పద్ధతి తెలిసినవాడు కనుక అతనూ వాగు దాటేవాడు కాదు.

"నిరుడు కూడా మీరేనా అమ్మా?" అన్నాడు.

"ముందటేడు కూడా," అంది రైలీ.

తర్వాత ఆమె మరోసారి ఊదింది. ఒస్సి తన ఈలను పిడికిట్లో దాచుకున్నాడు. ముగ్గురం విన్నాం. వాగు చప్పుడు, ఎక్కడో దూరాన కోత యంత్రం. ఇంకేమీ లేదు. రైలీ పాదానికున్న సంచిలో నీళ్లు నిండుతున్నాయి, ఆమె కదల్లేదు.

"మగపక్షి ఉందని రెండేళ్లూ మా ఆఫీసులో చెప్పానమ్మా!" అన్నాడు ఒస్సి. "ఒట్టి గాలికి ఈల వేయించారు కదా నా చేత!"

రైలీ జేబులోంచి రొట్టె ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"పోనీలే నాయనా, నువ్వైనా పలికావు."