నీళ్ల కోసం మాట్లాడటం నేర్పిన సుగుణమ్మగారు

1982 నవంబరు 7, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. సమాధుల తోటలో ఉన్నవారు: సుగుణమ్మగారి తమ్ముడు ప్రకాశం, ఆయన భార్య, పాస్టరుగారు, ఆవిడతో పనిచేసిన ఇద్దరు, కిషన్‌బాగ్‌లో మా వీధివాళ్లు ఏడుగురు, హాస్టల్ నుంచి వచ్చిన చెంచు పిల్లలు పదకొండు మంది, నేను.

అంతకు ముందురోజు పొద్దున ప్రకాశం మా గుమ్మంలో నిలబడి, "అక్క పోయింది సాబ్" అన్నాడు. ఎవరి అక్క అని అడిగాను. శుక్రవారం సాయంత్రం దాకా నాతో వాదించిన మనిషి లేదంటే నా బుద్ధికి వెంటనే అందలేదు.

సుగుణమ్మగారు నీళ్లు పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో సీసాలు కడిగే పనిలో చేరారు. ముప్పై ఏళ్లకు అక్కడ ఆవిడకు తెలియని పరీక్ష లేకుండా పోయింది. ఉద్యోగ విరమణ అయ్యాక పాతబస్తీ హాస్టల్లో చదువుకునే నల్లమల పిల్లలను చేరదీశారు. వాళ్ల అడవిలో గుత్తేదారు వెదురు కొట్టించి గుట్టలు వేయిస్తాడు. పురుగు పట్టకుండా వాటి మీద మందు చల్లిస్తాడు. వాన పడితే ఆ మందు వాగులో కలుస్తుంది. వాగు నీళ్లే పెంటకు, అంటే వాళ్ల గూడేనికి, ఆధారం. పిల్లలకు వాంతులు, ఒంటినిండా దద్దుర్లు. ఈ సంగతి అధికారి ముందు నిలబడి చెప్పి, మంచినీళ్ల బావి అడగడం నేర్పాలని ఆవిడ పట్టుదల.

పాఠం ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆవిడ ఇంటి అరుగు మీద. నేను నయాపూల్ దగ్గరి కచేరీలో ముప్పై అయిదేళ్లు రికార్డులు చూసినవాణ్ణి కనుక నాకు అధికారి వేషం ఇచ్చారు. ఫైలులోంచి తల ఎత్తకుండా "రేపు రండి" అనడం నా పని. మొదటిరోజే పిల్లలు హడలిపోయారు. సుగుణమ్మగారు నవ్వి, "రావు సాబ్, మీరు నేర్సుకునుడేం లేదు. మస్తుగ అలవాటే ఉన్నట్టుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లాక, అది నిజమని డైరీలో రాసుకున్నాను.

లింగయ్య అనే కుర్రవాడు ఒకసారి తన చెల్లెలి జబ్బు గురించి చెబుతూ మధ్యలో ఏడ్చేశాడు. ఆవిడ వాడికి మంచినీళ్లు ఇచ్చి, వాడు తాగేదాకా ఆగి అన్నారు: "ఇంట్ల ఏడువు బిడ్డా, నా కాడ ఏడువు. ఆడ ఏడిస్తే నీకు రుమాలిస్తరు, బావియ్యరు. చూసింది చెప్పు, అడిగేది అడుగు."

కిందటేడు జరిగిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. సెలవులకు వెళ్తున్న లింగయ్యకు ఆవిడ ఉడికించిన సీసా ఇచ్చి, "నా కోసం మీ వాగు నీళ్లు తే" అన్నారు. సీసా వచ్చింది. నీళ్లు తాగడానికి యోగ్యమని నివేదిక వచ్చింది. పిల్లల అర్జీ మీద తెరిచిన ఫైలును అధికారి మూసేశాడు. ఆవిడ లింగయ్యను కూర్చోబెట్టి అడిగారు.

"ఎక్కడ ముంచినవ్ రా?"

"పైన, ఊట కాడ పెద్దమ్మా."

"వెదురు గుట్టల కింద గదా ముంచేది?"

"గవి గలీజు నీళ్లు. నీ కోసం అంటివి. పెద్దమనిషికి గసొంటి నీళ్లెట్ల తెస్తం? రెండుసార్లు బట్టల వడగట్టి గూడ తెచ్చిన."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆ రాత్రే అధికారికి సొంత సంతకంతో ఉత్తరం రాశారు: తప్పు పిల్లలది కాదు, సరిగ్గా చెప్పని తనది, మళ్లీ విచారించాలి అని. తన తప్పు తానే కాగితం మీద పెట్టినవాళ్లు నా ఉద్యోగ జీవితంలో నాకు తగల్లేదు. ఏడాది తిరిగిన మీదట జవాబు వచ్చింది. విచారణ నవంబరు 8, సోమవారం, పొద్దున పదిన్నరకు. ఎవరూ హాజరు కాకపోతే ఫైలు శాశ్వతంగా మూస్తారు.

ఆవిడ శనివారం పోయారు.

ఆదివారం మట్టి ఇచ్చి వస్తుంటే నేనే అన్నాను, వాయిదా అడుగుదామని. దరఖాస్తు నేను రాస్తానన్నాను. లింగయ్య తల ఊపాడు. "పెద్దమ్మ లేకుంట ఎట్ల పోతం? ఏం మంచిగుంటది?"

ఈదమ్మ ఒప్పుకోలేదు. నర్సు శిక్షణలో ఉన్న ఆ పిల్ల అరుగు మీద అందరికన్నా తక్కువ మాట్లాడేది. "వాయిదా అంటే మీకు కాగితం సాబ్. మా కాడ పోరగాండ్లు రేపు పొద్దుగాల గూడ గవే నీళ్లు తాగుతరు" అంది. ఇన్ని ఆదివారాలు నాకు ఎదురుగా నిలబడి చెప్పిన ఏ మాటా నన్ను అంతగా కదిలించలేదు. దరఖాస్తు రాయలేదు.

సుగుణమ్మగారు పెద్ద చదువులు చదవలేదు, పేపర్లో ఆవిడ ఫోటో ఎన్నడూ పడలేదు. తన గొంతు వినిపించాలని కాక, ఎదుటివాళ్ల గొంతు పెగలాలని అంత శ్రమపడిన మనిషి మళ్లీ మా వీధికి వస్తుందని నేను అనుకోను. ఆవిడకు నా నమస్సులు.

సోమవారం పొద్దున ఈదమ్మ, లింగయ్య, నేను వెళ్లాము. పిల్లలు నన్ను గుమ్మం దగ్గరే ఉండమన్నారు. ఈదమ్మ ముందు పాత పొరపాటు చెప్పింది, తరువాత పిల్లల జబ్బులు చెప్పింది. అధికారి విని, "సరే, ఈసారి సరిగ్గా పట్టుకురండి" అన్నాడు.

"మేం తేం సార్" అంది ఈదమ్మ. "గలీజు నీళ్లు ఒకరికిచ్చుడు మాకు చేతగాదు. మీ మనిషినే పంపున్రి. ఆయనే ముంచుకుంటడు."

అధికారి కాసేపు పెన్ను తిప్పి, ప్రయోగశాల మనిషి ఒకణ్ణి ఆ రోజే బయలుదేరమని రాసి ఇచ్చాడు. ఆ మనిషి సీసాల పెట్టె పట్టుకుని బయటకు వచ్చి, బెంగగా అడిగాడు: "అడవిల తినుడెట్ల?"

"మా ఇంట్ల తింటవ్ అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు లింగయ్య.

పదకొండున్నర బస్సుకు ముగ్గురూ వెళ్లారు. పెట్టె ఈదమ్మ ఒళ్లో ఉంది.