సరిహద్దు గేటు దగ్గర బోణీ బేరం

నాకు ముప్పై ఇంకా నిండని ఆ రోజుల్లో, లోకంలోని జనమంతా నాకు రెండు రకాలుగా కనపడేవాళ్లు: నన్ను మోసం చేసినవాళ్లు, ఇంకా చేయనివాళ్లు. నేను పెరిగిన చోటు అటువంటిది. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి కేజీఎఫ్ బంగారు గనిలో పనికి వచ్చినవాడు. మా నాయన మాత్రం భూమి కిందికి దిగనని మొండికేసి, రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులో స్టీలు పాత్రల అంగడి పెట్టుకున్నాడు. ఆ బిందెల మధ్యే నేను పెరిగాను. పక్కది బట్టలంగడి, ఎదురుగా వక్కాకు అంగడి. సాయంత్రమైతే అందరూ కలిసి టీ తాగేవాళ్లు, ఒకరి మాట ఒకరు నమ్మేవాళ్లు కాదు, అయినా ఎంతో స్నేహంగా ఉండేవాళ్లు. ఎవరైనా ఒక ధర చెబితే అందులో సగం అబద్ధమనీ, మిగిలిన సగాన్ని కూడా వెలుతురులోకి తెచ్చి చూడాలనీ నాకు పలక పట్టకముందే తెలుసు. మార్కెట్టులో నా అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. 'సగం ధర' అని అడిగితే మాత్రం ఎవరైనా మా అంగడి చూపించేవాళ్లు. ఒకసారి డాక్టరు అయిదు రోజులకి మాత్రలు రాస్తే, మూడు రోజులకి తగ్గించమని అడిగాను. (తగ్గించాడు కూడా. అప్పటినుంచి ఆ డాక్టరు మీద నాకు నమ్మకం పోయింది.)

ఇటువంటివాణ్ని నమ్మి మా మామ తన జీపు కాగితాలన్నీ నా చేతికిచ్చాడు. కారణం మా అవ్వ. అవ్వంటే మా అమ్మకు అమ్మ, మామకూ అమ్మే. ఆమెకు నేపాలులోని ముక్తినాథుణ్ని చూడాలని కోరిక. విమానమంటే భయం, రైల్లో అంత దూరమంటే నడుము నొప్పి, కొడుకు నడిపే జీపయితే ఎంత దూరమైనా సరే. మామది ముళబాగిలు. ఆ జీపులో పట్టుగూళ్లూ, ఎండాకాలంలో మామిడికాయలూ తోలి ఇల్లు నడుపుతాడు. శ్రీనివాసపురం తోటలవాళ్లు ఎవరి కోసమూ ఆగే రకం కాదు. కోత మొదలైన పొద్దున జీపు తోట గేటు దగ్గర లేకపోతే ఇంకో జీపును పిలుస్తారు, ఆ ఏడాదికి ఆ తోట పోయినట్టే. అందుకే మామ బయలుదేరేముందే గట్టిగా చెప్పాడు: "రేయ్ అబ్బోడా, కోతకి ముందర నేనూ నా జీపూ ఈడ ఉండల్ల. నువ్వేం చేస్తావో నాకు తెలీదు."

"కాగితాల సంగతి నాకొదిలెయ్ మామా," అన్నాను. కురుడుమలె వినాయకుడి గుళ్లో జీపుకి పూజ చేయించి, నిమ్మకాయ తొక్కించి, ముగ్గురం బయలుదేరాం.

సరిహద్దు దాటేటప్పుడు ఒక పద్ధతుంది. మన బండి ఆ దేశంలో ఎన్ని రోజులుంటుందో చెప్పి, రోజుకింత అని కట్టి, చీటీ తీసుకోవాలి. అక్కడివాళ్లు దాన్ని భంసారు అంటారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ చీటీ అప్పగించి బయటపడాలి. గడువు దాటినా బండి అక్కడే ఉంటే, అది ఇక యాత్రకొచ్చిన బండి కాదు, పన్ను ఎగ్గొట్టి తెచ్చిన సరుకు కింద లెక్క. జరిమానా వేయొచ్చు, అనుమానమొస్తే బండినే నిలిపేసుకోవచ్చు. కిటికీలో కూర్చున్న గుమాస్తా, ఎన్ని రోజులకి కావాలని నన్ను అడిగి, తనే మర్యాదగా ఒక సలహా కూడా ఇచ్చాడు: కొండదారి, ఒక రోజు ఎక్కువే తీసుకోండి అని. వెంటనే నాకు మార్కెట్టు దర్జీ గుర్తొచ్చాడు. చొక్కాకి ఎంత గుడ్డ కావాలన్నా అర మీటరు ఎక్కువే చెబుతాడు, ఆ అర మీటరు తర్వాత వాళ్లింట్లో తలగడ గలీబై కనపడుతుంది.

"ఒక దినం ఎక్కువే తీసుకోరా," అన్నాడు మామ వెనకనుంచి.

"అక్కరలేని సరుకు మనమెందుకు కొనాల మామా? మనం దూరం నుంచి వచ్చినామని అంటగడతా ఉండాడు," అని తెలుగులో చెప్పి, దారికి సరిగ్గా ఎన్ని రోజులు పడతాయో అన్నే తీసుకున్నాను. గుమాస్తా చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

అవ్వకి దర్శనం బాగా జరిగింది. చలికి వణుకుతూనే గుడి వెనక నీటి ధారల కింద తల పెట్టింది, కళ్ల నీళ్లు పెట్టుకుంది, ఇంగ సాలు అంది. కానీ తిరుగు దారిలో కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. అది తీసేదాకా బండ్లన్నిటినీ ఆపేశారు. మామ గుట్కాలు నమలడం, నేను చీటీ తీసి చూసుకోవడం, ఇదే పని. చివరికి చీటీలో రాసిన ఆఖరి తేదీ సాయంత్రానికి, ఇంకా పొద్దు వాలకముందే, సరిహద్దు చేరాం. గేటు కళ్లెదురుగా తెరిచే ఉంది. దాని పక్కనే టీ అంగడి. దిగి మూడు టీలు చెప్పి, మూడూ ఒకేసారి తీసుకుంటున్నాం కదా, రెండింటి ధరకివ్వమని టీ అంగడాయనతో బేరం పెట్టాను. ఆయన బక్కగా ఉన్న పెద్దమనిషి. బేరం ఒప్పుకోలేదు గానీ, నా చేతిలో చీటీ చూసి అడిగి తీసుకుని తేదీ చదివాడు.

"బాబూ, మీది ఈ రోజుతో సరి. ముందు గేటు దాటేయండి. టీ అవతల తాగొచ్చు," అన్నాడు.

నా ఒళ్లంతా జాగ్రత్తపడింది. తన అంగడిలో టీ తాగొద్దని చెప్పే టీ అంగడివాణ్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అమ్ముడుపోయే సరుకు వదులుకుని మనల్ని గేటు వైపు తోస్తున్నాడంటే, ఆ గేటు దగ్గర వీడికి ఏదో వాటా ఉండి తీరాలి. పైగా మేము లోపలికి వచ్చింది మధ్యాహ్నం పూట. లాడ్జీలో గది తీసుకుంటే మర్నాడు అదే వేళ దాకా మనదే కదా, అదే లెక్కన చీటీ రేపు మధ్యాహ్నం దాకా పనికొస్తుందని నేను తేల్చుకున్నాను. తేదీ మారితే అయిపోతుందన్న ఊహే నాకు రాలేదు. వచ్చేటప్పుడు ఒక లారీ డ్రైవరు, బయటికి పోయేటప్పుడు కూడా ఏదో ఒకటి అడుగుతారని చెప్పి ఉన్నాడు. అడిగితే బేరం చేయాలి. బేరానికి సాయంత్రం పనికిరాదు. పొద్దున్నే పోవాలి, మొదటి గిరాకీగా పోవాలి. మా మార్కెట్టులో బోణీ గిరాకీని వట్టి చేతులతో పంపడానికి ఏ అంగడివాడికీ ధైర్యం చాలదు, ఆ రోజంతా వ్యాపారం పాడవుతుందని భయం. పొద్దున్నే వచ్చి మొండిగా నిలబడితే మా నాయన కూడా అసలు ధరకే బిందె ఇచ్చేసేవాడు.

ఈ తెలివంతా మామకి చెప్పాను. మామ గేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆఫీసోళ్లకి బోణీ ఏందిరా?"

"డబ్బు తీసుకునే చోట ఎవరికైనా బోణీనే మామా."

"ఆయప్ప చెప్పేది నిజమేమో. పోదాం పా."

"తొందర పెడతా ఉండాడంటేనే ఏదో ఉండాది. నువ్వు సుమ్నే ఉండు." (సుమ్నే అంటే మా పక్క, ఊరికే నోరు మూసుకొని అని. మామతో ఆ మాట అనే ధైర్యం నాకు ఆ చీటీ ఇచ్చింది.)

తెల్లవారి ఆఫీసు కిటికీ తెరిచేసరికి దాని ముందు నేనొక్కణ్నే ఉన్నాను. లోపలి అధికారి మంచి మనిషిలాగే ఉన్నాడు, అప్పుడే అగరొత్తి వెలిగించుకుంటున్నాడు. అది చూసి నా లెక్క సరిపోయిందని సంతోషించాను. ఆయన చీటీ చూసి, ఇది నిన్నటితో అయిపోయిందన్నాడు. నేను లాడ్జీ సంగతి చెప్పాను. ఇది లాడ్జీ కాదన్నాడు. గోడకి అంటించిన జరిమానా ధర చూపించాడు. నేను సగమిస్తానన్నాను.

నిజానికి ఆ జరిమానా పెద్దదేం కాదు. కట్టేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆయన పెన్ను కింద పెట్టి నన్ను తలెత్తి చూశాడు. తర్వాత జీపు ఆర్‌సీ అడిగాడు. అది మామ కేజీఎఫ్‌లో మా ఇంట్లో ఉన్నప్పుడు కొన్న బండి, చిరునామా మాదే. ఆయన ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. "కోలార్... గోల్డ్... ఫీల్డ్స్."

ఆయన ముఖంలో మెత్తదనం పోయింది. "గోల్డా?"

"గనులు ఎప్పుడో మూసేశారు సార్. ఇప్పుడు మా ఊరివాళ్లు పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకి కూలికీ ఉద్యోగాలకీ పోతారు. బంగారం చూడాలంటే మేమూ నగల అంగడికే పోవాల."

"బంగారం లేకపోతే ఊరికి ఆ పేరెందుకు?"

గనులు మూసినప్పటినుంచీ మా ఊరే ఆ మాట అడుగుతోంది. ఆయన అడుగుతూ పోయాడు: నిన్న సాయంత్రమే వచ్చారు కదా, గేటు తెరిచే ఉంది కదా, చీటీకి గడువుంది కదా, ఎందుకు దాటలేదు? ఎవరి కోసం ఆగారు? బండిలోకి ఏం ఎక్కింది? ఇంత దూరం డీజిలు పోసుకుని వచ్చినవాడు ఇంత చిన్న జరిమానాకి గీచి గీచి బేరమాడుతున్నాడంటే, మా దృష్టి దేనిమీదనుంచి మళ్లిస్తున్నాడు? పుట్టిన దగ్గర్నుంచీ నేను జనాన్ని అనుమానిస్తూ వచ్చాను గానీ, పనితనం తెలిసినవాడు నన్ను అనుమానించడం అదే మొదలు. ఆ అనుమానంలో ఎక్కడా అతుకు లేదు. ఆయన కుర్చీలో నేనుంటే నేనూ నన్ను వదిలేవాణ్ని కాదు.

జీపులో ఉన్నదంతా కింద పరిపించారు. సీట్లు విప్పారు. అవ్వ చీరల మూట విప్పారు. రాగిపిండి సంచిలో ఇనప చువ్వ దించి కెలికారు.

"మెల్లగప్పా," అంది అవ్వ ఆ మనిషితో తెలుగులోనే. "ముద్దకి ఉండాది అది."

ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోవడం ఇంకా పెద్ద అనుమానమైంది. పై అధికారి వచ్చి చూసేదాకా, అది ఎన్నాళ్లయినా సరే, బండి లోపలే ఉంటుందని చెప్పి అధికారి తాళం అడిగాడు. మామ ఇచ్చేశాడు. ఇచ్చిన తర్వాత ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు జీపు బానెట్ మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"రేయ్, ఇది ఈడనే నిలిచిపోతే నేను ఊరికి పోయి ఏం చేసేది?" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మామ గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

నా నోట్లో మంచి మంచి అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. అవ్వకి జ్వరమని, బండి చెడిపోయిందని, గేటు మూసేశారనుకున్నామని. అవ్వ నా ముఖం చూసి, "ఉండేది ఉన్నట్టు చెప్పు నాయనా. నువ్వు తెలివిగా చెప్పే కొద్దీ ఆయప్ప కండ్లు చిన్నవైతా ఉండాయి," అంది.

సరేనని, మా మార్కెట్టులో సాయిబుల అంగళ్ల దగ్గర నేర్చుకున్న హిందీలో ఉన్నదంతా చెప్పాను. పాత్రల అంగడి, బోణీ, మొదటి గిరాకీ, అంతా. అధికారి ఓపిగ్గా విన్నాడు. "అంటే మా సర్కారు ఆఫీసుని కొట్టు అనుకుని, బోణీ బేరం కోసం గేటు ముందర పడుకున్నావు. ఇది నేను నమ్మాలి," అన్నాడు. నిజం అంత పేలవంగా ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆయన టీ అంగడాయన్ని పిలిపించాడు. ఆ పెద్దమనిషి గ్లాసులు కడుగుతున్న చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న నేనే పొమ్మన్నాను సార్. పొమ్మంటే నన్ను దొంగని చూసినట్టు చూశాడు. ఇతని దగ్గర బంగారముంటే టీకి అంత సేపు బేరం ఆడతాడా? ఇతను దొంగ కాదు సార్, దుకాణంవాడు."

అధికారి బల్ల కింద నుంచి తన స్టీలు అన్నం క్యారియరు తీసి నా ముందు పెట్టాడు. "పాత్రల అంగడి అన్నావు కదా. ఇది ఎంతకి కొన్నానో చెప్పు."

చేతిలోకి తీసుకున్నాను. తూకం చూశాను, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను, అడుగు తిప్పాను. అప్పటికి జీపు సంగతీ, మామ సంగతీ, నేనున్న దేశం సంగతీ మరిచిపోయాను. రేకు పలచన, క్లిప్పుల్లో ఇనుము, మెరుగు పెట్టి దాచారు. దాని ధర ఇంత అని చెప్పాను. ఆయన ముఖం కదల్లేదు. "అంతకంటే ఎక్కువ పెట్టి ఉంటే మాత్రం సార్, ఎవరు అమ్మారో గానీ మిమ్మల్ని బాగా ముంచినాడు," అన్నాను.

మామ కళ్లు మూసుకున్నాడు.

"దానికి రెండింతలు పెట్టాను," అన్నాడు అధికారి నెమ్మదిగా. "అమ్మినవాడు మా బావమరిది. మొదట్నుంచీ నాకు అనుమానంగానే ఉండేది." అని కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. టీ అంగడాయనా నవ్వాడు. చువ్వతో పిండి కెలికిన మనిషి కూడా నవ్వాడు. చివరికి తాళం బల్ల మీద పెట్టి, జరిమానా పూర్తిగా కట్టమన్నాడు. పూర్తిగా కట్టాను. ఆ నోట్లు తీసుకుని, నా వైపే చూస్తూ, ఒకసారి కళ్లకద్దుకుని పెట్టెలో వేసుకున్నాడు.

గోరఖ్‌పూర్‌లో మామ డీజిలు పోయించాడు. అక్కడ నేను ముందు సీటులో కూర్చోబోతే, "బెల్టు గట్టిగా పెట్టుకో. ఊరు వచ్చేదాకా నువ్వు ఈ జీపు దిగేది లేదు," అన్నాడు. అన్నానికి కూడా పొట్లం కట్టించి లోపలికే తెచ్చిచ్చాడు, వాళ్లు చెప్పిన ధరకే. కోతకి అందుకున్నాం. తోట గేటు దగ్గర మామ జీపే మొదటిది.

అవ్వ ఇప్పుడు లేదు. అంగడి నేనే చూసుకుంటున్నాను. వచ్చినవాళ్లు సగానికి అడిగితే నాకు కోపం రాదు, ముచ్చటేస్తుంది. అప్పటి ఆ కుర్రవాణ్ని తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. ఒక్కణ్ని కూడా నమ్మకుండా అంత దూరం పోయి వచ్చాడు, దారి పొడుగునా అందరూ వాడికి నిజమే చెప్పారు. మామ ఈ సంగతి అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. ఇంటికి పోయినప్పుడల్లా ఆమె, "మీ మామ, నువ్వు ఉండబట్టే క్షేమంగా వచ్చినాం అంటాడప్పా," అని నాకు ఇంకో ముద్ద వడ్డిస్తుంది. ఎందుకు చెప్పలేదా అని అప్పుడప్పుడు అనుమానం వస్తుంది. ఈ ఒక్క అనుమానాన్ని మాత్రం తిప్పి చూడకుండా, గోటితో కొట్టి చూడకుండా, అలాగే దాచుకున్నాను.