పొట్టేలు మెడలో చిరుత పట్టీ

ఈ పొద్దు నాకు కాలు నిలవలేదు. మేం అటవీశాఖోళ్లం ఒక చిరుత మెడకు రేడియో పట్టీ కట్టి నల్లమలలో వదిలినాం. అది యాడ తిరుగుతాందో, ఆ పట్టీ సంకేతాలు పట్టుకుని కొండమీది యంత్రం దానంతటదే కాగితం మీద గీస్తాంటాది. పొద్దున చూస్తే గీత అడవి దాటి ఆళ్లగడ్డ దిక్కు పోతాంది! జీపెక్కి ఉరికినాం. ఊరి బయట గొర్రెల మంద కనపడింది. పెద్ద పొట్టేలు మెడలో మా పట్టీ!

"ఏందప్పా ఇది?" అంటే కాపరి నవ్వినాడు.

"మొన్న అడవిలో మంద మేపుతాంటే ఊడి పడింది దొరికె, ఈ పొద్దే మందను ఇటు తోలుకొచ్చినా. పులివాసన ఉంది గదన్నా, ఇది కట్టినప్పటి నుంచి మంద మీదికి చిరుత రాలేదు."

విప్పమంటే, "రాత్రికి నువ్వొచ్చి కావలి కాస్తావా?" అన్నాడు.

అయినా విప్పుకొచ్చినా. యంత్రం లెక్కన ఇప్పుడు చిరుత నా గదిలోనే ఉంది. అసలు చిరుత ఆ మంద చుట్టూ తిరుగుతాందేమోనని కూర్చోబుద్ధి కావడం లేదు. మీరైతే విప్పుకొచ్చేవాళ్లా?