అరిసెలు లేని క్రిస్మస్

పసిపిల్లల ఎదుగుదలకు మా ఇంట్లో ఒక వంటల లెక్క ఉంది. నవ్వితే నువ్వుల ముద్దలు, బోర్లా పడితే పోలెలు, పాకితే పాశం, అడుగేస్తే అరిసెలు. ఇది మా అమ్మ నుంచి నా భార్యకు వచ్చింది. మనవరాలు పుట్టినప్పుడు నేను డైరీ చివరి పేజీలో ఈ నాలుగూ ఒకదాని కింద ఒకటి రాసి, ఎదురుగా తేదీలకు చోటు వదిలాను. మొదటి రెండూ వానాకాలం పోయేలోపే నిండాయి. మూడోది రేపో మాపో అనుకుంటుండగా పిల్లకు సిమెంటు కట్టు పడింది.

అప్పటికి దానికి ఎనిమిదో నెల. మోకాళ్ల మీద లేచి ముందుకూ వెనక్కూ ఊగేది కానీ ఉన్నచోటు నుంచి కదిలేది కాదు. జలుబు చేసిందని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఛాతీ చూసి, అలవాటు కొద్దీ రెండు కాళ్లూ మడిచి పక్కలకు విప్పాడు. కుడికాలు బల్లను తాకింది. ఎడమకాలు సగంలో ఆగింది. మళ్లీ విప్పాడు, మళ్లీ అక్కడే ఆగింది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక గుండు తుంటి గిన్నెలో లేదు, పక్కకు జారి ఉంది. పుట్టుకతోనే అట్లా ఉందన్నారు. హైదరాబాద్‌లో మత్తు ఇచ్చి, ఎముకను గిన్నెలోకి తోసి, ఛాతీ కింది నుంచి రెండు చీలమండల దాకా కట్టు వేశారు. సంక్రాంతి దాటేదాకా అది ఉండాలి. విప్పాక ఎముక నిలిస్తే నడుస్తుంది. నిలవకపోతే కోసి సరిచేయాలి, ఆ తర్వాత నడక ఎట్లా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు అక్కడి డాక్టరు.

ఆ కట్టులో పిల్ల కాళ్లు ఎవరో చంకన ఎత్తుకున్నప్పుడు ఉన్నట్టు ఎడంగా ఉండేవి. రెండు మోకాళ్ల మధ్య ఒక అడ్డకర్ర బిగించారు. ఎత్తుకుంటే పిల్ల బరువు కంటే కట్టు బరువే ఎక్కువ. ఉయ్యాలలో పట్టదు, కుర్చీలో పట్టదు. ఏ గదిలోంచి ఏ గదిలోకి తీసుకెళ్లినా తలుపు దగ్గర ఆగి, పక్కకు తిరిగి, ముందు దాని తల, తర్వాత నేను, ఆ తర్వాత దాని కాళ్లు లోపలికి వెళ్లాలి. కట్టు తడవకూడదు కాబట్టి స్నానం లేదు, తడిగుడ్డతో ముఖమూ చేతులూ తుడవడమే. లోపల దురద పుడితే కట్టు మీద గోళ్లతో గీకేది. ఆ చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపించేది.

నేను నిజాంసాగర్ కాలువ మీద నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కాలువ కట్టేసిన నెలల్లో కూడా పొద్దున్నే వెళ్లి గేజీ చూడాలి, నీరు లేదు అని రాయాలి. ఆ చలికాలం డైరీలో అదే పని చేశాను. పాప కదలలేదు. మర్నాడు మళ్లీ, పాప కదలలేదు.

ఒకరోజు నా భార్య నా చేతిలో పెన్ను చూసి అంది. "మీరు రాసుకుంటరు, అయిపోతది. పాపకు నీళ్లు పోసిన చేతులు నావి."

"డాక్టరు పుట్టుకతోనే అన్నడు గదా."

"డాక్టరు మంచోడు. ముసల్దాని మనసు కష్టపెట్టొద్దని అన్నడు. కాళ్లు చక్కగ రావాలని రోజు గుంజి గుంజి నూనె రాసింది నేను గాదా?"

ఆ వారమే బోధన్ నుంచి వియ్యపురాలు క్రిస్మస్ అరిసెలకని కొత్త బెల్లం ముద్ద పంపింది. నా భార్య దాన్ని గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఈ ఇంట్లో అరిసెలు ఇక పాప అడుగేసిన నాడే, అప్పటిదాకా క్రిస్మస్ లేదు, ఏదీ లేదు అంది. ప్రతి ఏటా మా గల్లీలో ప్రతి ఇంటికీ అరిసెలు పంపే ఇల్లు మాది.

మా కోడలు ఇక్కడ నిజామాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. కట్టు వేయించి వచ్చిన రోజే నన్ను పక్కకు పిలిచింది.

"మామయ్యా, ఎవ్వరికీ చెప్పకుండ్రి. నర్సు బిడ్డకే గిట్లయిందంటరు. ఎనిమిది నెలలు ఎత్తుకోని తిరిగింది, కండ్లు ఎక్కడ పెట్టిందంటరు. కట్టు ఇప్పినంక నేనే చెప్త."

సరేనన్నాను. మొదటి ఆదివారం చర్చిలో అడిగిన వాళ్లకు జలుబని చెప్పాం. జలుబు ఎన్ని వారాలు ఉంటుంది? పాప బోధన్‌లో అమ్మమ్మ దగ్గర ఉందని చెప్పడం మొదలుపెట్టాం. బోధన్ చర్చిలో వియ్యపురాలిని అడిగితే, ఆమెకు మేం చెప్పింది తెలియక, పాప నిజామాబాద్‌లో నాయనమ్మ దగ్గర ఉందని చెప్పింది. అట్లా మా పాప రెండు ఊళ్లలోనూ లేకుండా పోయింది.

ఆ తర్వాత ఇల్లు మూసుకుంది. పిల్ల బట్టలు వెనక వైపే ఆరేశాం. వీధి వైపు కిటికీలు తెరవలేదు. గేటు చప్పుడైతే ఇంట్లో ఉన్నవాళ్లెవరో ఒకరు పిల్లను వెనక గదిలోకి తీసుకెళ్లాలి, తలుపు దగ్గర పక్కకు తిరగాలి. నేను పొద్దున నడకకు పోవడం మానేశాను, దారిలో అడిగేవాళ్లు ఎక్కువ. మా అబ్బాయి ఎప్పటిలాగే వరండాలో కాగితం నక్షత్రం కట్టి లైటు పెట్టాడు. అది చూసి పక్కింటి పిల్లలు లోపలికి వస్తారని నేను గేటుకు గొలుసు వేశాను. పైన నక్షత్రం వెలుగుతూ ఉండేది, కింద గొలుసు ఉండేది.

క్రిస్మస్‌కు ముందు వారం చర్చి వాళ్లు క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. మా గల్లీ మొదటిది కాబట్టి దీపాలు పెట్టే వేళకే వచ్చారు. అందరికంటే ముందు చర్చిలో మేం అక్క అని పిలిచే ముసలావిడ. నాకంటే పదేళ్లు పెద్దది. పాటకు గొంతు సహకరించకపోయినా ఏ ఇల్లూ వదలదు.

"గేటుకు గొలుసేంది తమ్మీ? ప్రభువును గూడ బయటనే నిలవెడ్తవా?"

"కుక్కలొస్తున్నయక్కా."

"మేము కుక్కలమైతే మొరుగుదుము, పాడుతమా? తియ్యి."

తీశాను. పదిహేను మంది దాకా హాల్లోకి వచ్చారు. పాప వెనక గదిలో నేల మీద పరిచిన పరుపుపై బోర్లా పడుకుని ఉంది. డ్యూటీ చేసి వచ్చిన కోడలు దాని పక్కన కునుకు తీస్తోంది. ఆ గది తలుపు ఉబ్బి మూసుకోదు కాబట్టి పరదా ఒక్కటే అడ్డం. నా భార్య వంటింటి ముందు నిలబడి పరదా వైపే చూస్తోంది.

"మనుమరాలేది?" అంది అక్క.

"బోధన్‌ల ఉన్నదక్కా."

ఆమె నా ముఖం చూసి, "అట్లనా" అని ఊరుకుంది.

డోలక్ మొదలైంది. మొదటి పాట అయిపోయి రెండోది అందుకున్నారు. పాట మధ్యలో టక్ మని ఒక చప్పుడు వినిపించింది. డోలక్ వాయించే అబ్బాయి తన వైపు ఏదో తప్పయిందనుకుని కింద చూశాడు. మళ్లీ టక్. పరదా కింది అంచు లేచింది. ముందు రెండు చిన్న చేతులు, తర్వాత ఉన్ని టోపీ, ఆ తర్వాత మా పాప ముఖం బయటికి వచ్చాయి. మోచేతులు నేలకు ఆనించి, ఛాతీ ముందుకు లాగి, ఆ బరువంతా వెనక ఈడ్చుకుంటూ వస్తోంది.

పాట ఆగిపోయింది. పాటెందుకు ఆపారన్నట్టు పాప అరచేత్తో నేల మీద కొట్టింది.

"బోధన్‌ల ఉన్నదంటివి గద తమ్మీ," అంది అక్క. "ఏ బస్సుకొచ్చింది?"

ఆమె అంతటితో ఆగలేదు.

"బోధన్‌ల మా చెల్లె అడిగితె నిజామాబాద్‌ల ఉన్నదన్నరట. ఈడ నిన్నడిగితె బోధన్ అంటివి. నేనైతె రేపు రెండూళ్ల నడుమ ఎడపల్లిల దిగి దేవులాడుదామనుకున్న."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పాప ఇంకొక్క లాగు లాగింది. చేతులూ ఛాతీ గడప ఇవతలికి వచ్చాయి కానీ మోకాళ్ల మధ్య అడ్డకర్ర గడపకు తట్టుకుంది. మళ్లీ లాగింది. కట్టు అంచు గడపకు గుద్దుకుని కిర్రుమంది. నేను ఎత్తుకోబోయాను.

"ఉండరాదు, వస్తున్నది గదా," అంది అక్క.

"కట్టు పలుగుతదక్కా. పలిగితె లోపల ఎముక జారుతది. జారితె నడక రాదు."

నిజం అట్లా నా నోటి నుంచి వచ్చింది. హాల్లో అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

పరదా వెనక కోడలు లేచి నిలబడింది. పాపను చూసింది, తర్వాత మా అందరినీ చూసింది. పిల్లను ఎత్తుకుని లోపలికి పోతుందనుకున్నాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ కట్టు కింద పెట్టి, అడ్డకర్ర గడపకు తగలకుండా కాస్త పైకి లేపి పట్టుకుంది. అంతే చేసింది. లాగింది పాపే. ఒక మోచెయ్యి, ఇంకో మోచెయ్యి. కట్టు గడప దాటి హాల్లో నేల మీద ఆగింది. కోడలు కట్టు చుట్టూ వేళ్లతో తడిమి చూసింది. అంచు నలిగింది కానీ పగుళ్లు లేవు.

వెనక నుంచి ఒకావిడ అడిగింది. "నర్సువు గదమ్మా, ముందుగాల సూస్కోలేదా?"

ఆ మాట పడకూడదనే మేం అన్ని వారాలూ తలుపులు మూసుకున్నాం.

"సూస్కోలేదక్కా," అంది కోడలు. "రోజు సూస్తనే ఉన్న. కానరాలేదు."

కోడలు పాపను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది. అక్క నా భార్య వైపు తిరిగింది.

"ఏం వండుతున్నవ్ చెల్లె? బిడ్డ పాకె."

"ఇది పాకుడు గాదక్కా, ఈడ్సుకునుడు."

"నువ్వు ఎనభై ఏండ్లకు నాలెక్క నడువు, అప్పుడు ఈడ్సుకునుడంటె ఏందో చెప్త. పో, పొయ్యి వెలిగియ్యి."

నా భార్య నన్ను చూసింది. నేను తలూపాను. ఆమె వెళ్లి డబ్బా మూత తీసి, బెల్లం ముద్ద ఒక మూల రోకలిబండతో కొట్టింది. పదిహేను మందికీ పాశం చాలలేదు, గ్లాసుల్లో సగం సగం పోశాం. మిగిలిన బెల్లం మళ్లీ గుడ్డలో చుట్టింది. "అరిసెలది అరిసెలకే," అంది.

క్రిస్మస్ రోజు పాపను చర్చికి తీసుకెళ్లాం. కట్టు వేయకముందు కొన్న గౌను పట్టదు కాబట్టి నా భార్య పక్క కుట్లు విప్పి కొంగు ముక్క అతికింది. బెంచీ మీద పాపకు రెండు ఒళ్లు కావాలి, తల నా ఒళ్లో, కాళ్లు కోడలి ఒళ్లో. వాక్యం చదివేటప్పుడు లేచి నిలబడడానికి ఇద్దరికీ వీల్లేదు. పిల్లలు వచ్చి కట్టును వేలితో తట్టి చూసిపోయారు. కొందరు జాలిపడ్డారు, ఒకరిద్దరు ఏవో నూనెల పేర్లు చెప్పారు. కిటికీలు తెరిచాం, గొలుసు తీశాం. కానీ ఆ కట్టు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. సాయంత్రం అక్క స్టీలు డబ్బాలో అరిసెలు పంపింది. నా భార్య మూత కూడా తీయకుండా అల్మారా మీద పెట్టింది. మా అబ్బాయి రెండు తిన్నాడని నాకు తెలుసు.

సంక్రాంతి వెళ్లాక కట్టు కోశారు. కోసే యంత్రం శబ్దానికి పాప ఏడ్చిన ఏడుపు బయట వరండాలో మాకు వినిపించింది. లోపల కాళ్లు సన్నబడి, చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. ఎక్స్‌రే చూసి డాక్టరు, "నిలిచింది," అన్నాడు. నేను సంతోషించేలోపే, "ఇప్పటికి," అని కలిపాడు. ఇంకొన్ని నెలలు కాళ్లను ఎడంగా ఉంచే బెల్టు, ఆ తర్వాత మళ్లీ ఎక్స్‌రే. నడక ఆలస్యమవుతుందన్నాడు, ఎంత ఆలస్యమో చెప్పలేదు.

ఇంటికి వచ్చి కాసేపు బెల్టు విప్పి పరుపు మీద వేస్తే కాళ్లు దగ్గరికి తీసుకోలేదు. కట్టు ఉన్నప్పుడు ఎట్లా ఉండేవో అట్లాగే ఎడంగా, కదలకుండా పెట్టి పడుకుంది. కట్టు పోయిన సంగతి దానికి తెలియదు. నేనూ అంతే. ఇప్పటికీ దాన్ని ఎత్తుకుని తలుపు దగ్గరికి వస్తే ఆగి పక్కకు తిరుగుతాను.

ఇది రాసేనాటికి వానలు పడుతున్నాయి. బెల్టు ఇప్పుడు నిద్రలో మాత్రమే. పాప హాల్లో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడుతుంది. ఊగుతుంది, కూలబడుతుంది, మళ్లీ లేస్తుంది. దీని ఈడు పిల్లలు గల్లీలో పరుగెత్తుతున్నారు. అది ఎడమకాలి మీద బరువు వేసేటప్పుడు నేను ఎక్స్‌రేలో చూసిన గిన్నెనే చూస్తుంటాను. చలికాలపు బెల్లం తేమకు కరిగిపోయింది, నా భార్య వేరేది తెప్పించింది. అరిసెలకు బియ్యం ముందురోజే నానబెట్టాలి కదా, పాప కాస్త గట్టిగా నిలబడిన రోజు ఆమె బియ్యం నానబోస్తుంది. మర్నాడు పాప కూలబడుతుంది. ఆ బియ్యం దోసెలవుతాయి. ఈ నెలలో రెండుసార్లు దోసెలు తిన్నాం, ఎందుకని ఎవరూ అడగలేదు.

ఈ పొద్దున పాప చువ్వ నుంచి ఒక చెయ్యి తీసి, వానలో తడుస్తున్న కాకిని చూపించింది.

వంటింట్లోంచి నా భార్య అడిగింది. "ఎన్ని చేతులతోని పట్టుకున్నది?"

"ఒకటి," అన్నాను.

కాసేపటికి డబ్బాలోంచి బియ్యం కొలుస్తున్న చప్పుడు వినిపించింది.